నమ్మకం విరిగిన ఇంట్లో ఆందోళన

కుటుంబ ఆరోగ్య పాఠము
చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 19:1-8; కీర్తన 55; ఆదికాండము 42 నుండి 45 అధ్యాయములు, 50:15-21



గుండెదడ, ఆయాసం, చేతులు తిమ్మిర్లు అంటూ రాత్రివేళ క్యాజువాలిటీకి వచ్చేవారిలో కొందరికి ఈ.సి.జి. బాగానే ఉంటుంది. బి.పి. కొంచెం పెరిగి, అరగంటలో దానంతటదే దిగుతుంది. "ఏమీ లేదమ్మా, గ్యాసు" అని పంపించేస్తే వారం తిరగకుండా మళ్ళీ వస్తారు. ఈ పాఠంలో అలాంటి ఒక సహోదరిని గూర్చి చెబుతాము. ఇది ఒక్కరి కథ కాదు. ముగ్గురు నలుగురి అనుభవాలు కలిపి, ఊరూ వివరాలూ మార్చి రాశాము.

ఆమెది గోదావరి జిల్లాల్లో ఒక పల్లె. వయసు 36. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త తాపీమేస్త్రి. హైదరాబాదులో అపార్టుమెంట్ల పనికి వెళ్ళి నెలకోసారి వస్తాడు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. మూడోసారి క్యాజువాలిటీకి వచ్చినప్పుడు ఈ.సి.జి., థైరాయిడ్ పరీక్ష రెండూ బాగున్నాయి. రక్తం కొంచెం తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలు రాశారు. "నరాల వీక్‌నెస్ అండి, ఒక సెలైన్ ఎక్కించండి" అని ఆమే అడిగింది. సెలైన్‌తో తగ్గే జబ్బు కాదని అక్కడున్న నర్సుకు అనిపించి, మంచం పక్కన కూర్చుని, "ఇంట్లో అందరూ బాగున్నారా అమ్మా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆమె చిన్నప్పటినుండి కంగారు మనిషి. పరీక్షలంటే కడుపునొప్పి. పెళ్ళయ్యాక బిడ్డ బడినుండి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే వీధిచివరికి పరుగు. వాళ్ళమ్మ కూడా అంతేనట. వైద్యులు దీర్ఘకాలిక ఆందోళన అని పిలిచేది దీన్నే. ఆరు నెలలు, అంతకు మించి, దాదాపు ప్రతిరోజూ, ఏదో ఒకదాన్ని గూర్చి ఆపుకోలేని చింత ఉండడం, దానితోపాటు నిద్ర చెడడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, చిన్నదానికే విసుగు, అలసట, పనిమీద మనసు నిలవకపోవడం దీని గుర్తులు. భక్తి తక్కువై రాదు. కొన్ని కుటుంబాల్లో షుగరు వచ్చినట్టే ఇదీ తల్లినుండి బిడ్డకు కొంత వస్తుంది.

ఇలాంటి మనిషికి రెండేళ్ళ క్రితం భర్త మీద అనుమానం మొదలైంది. ఫోను చేస్తే బయటికి వెళ్ళి మాట్లాడడం, చీటీ డబ్బుల లెక్క తేడా రావడం, ఇంటికొచ్చినా మనసు ఇక్కడ లేనట్టు ఉండడం ఆమె కనిపెట్టింది. అడిగింది. అతను ఏమన్నాడంటే, "నీకు మొదటినుంచీ అనుమానం జబ్బే. ముందు నువ్వు డాక్టరుకు చూపించుకో." అత్తగారూ అదే మాట. పుట్టింటివాళ్ళూ అదే మాట. ఏడాదిపాటు ఆమె, తప్పు తనదే అనుకుని ఉపవాసప్రార్థనలు చేసింది. చివరికి అతనితో పనిచేసే కుర్రవాడొకడు నోరుజారి చెప్పాడు. ఆమె అనుకున్నదంతా నిజమే. పనిచేసే చోటనే ఇంకొక స్త్రీతో పద్నాలుగు నెలలుగా సంబంధం ఉంది.

ఈ పాఠం అంతా ఇక్కడినుండి బయలుదేరుతుంది. దీన్నొక పోలికతో చెప్పనివ్వండి.

పెరటి కుక్క

మన మెదడులో బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. దాని పని కాపలా. పెరటి కుక్కలాగా, ఆపద వాసన తగలగానే మొరుగుతుంది. అది మొరగగానే ఎడ్రినలిన్ అనే రసం రక్తంలోకి వచ్చి గుండె వేగం పెంచుతుంది, చెమటలు పట్టిస్తుంది, శ్వాస వేగమవుతుంది. శ్వాస మరీ వేగమైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్ళకూ పెదవులకూ తిమ్మిర్లు, తల తిరుగుడు వస్తాయి. ఆ సహోదరికి వచ్చిన లక్షణాలన్నీ ఇవే. ఆమె నటించలేదు.

దీర్ఘకాలిక ఆందోళన ఉన్నవారి కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. ఇంట్లోవాళ్ళకు అది అలవాటైపోతుంది. ఒకరోజు నిజంగానే దొంగ వస్తాడు. కుక్క మొరుగుతుంది. ఇంట్లోవాళ్ళు కర్ర తీసుకుని కుక్కనే కొడతారు.

ఆమె విషయంలో జరిగిందిదే. అందుకే నిజం బయటపడ్డాక ఆమెకు రెండు గాయాలు. భర్త మోసం చేశాడన్నది ఒకటి. తన మనసు నిజం చెప్పినప్పుడు దాన్ని జబ్బు అని నమ్మించారన్నది రెండోది. ఇకమీదట గుండె దడదడలాడితే అది జబ్బో నిజమో ఆమె ఎలా పోల్చుకోవాలి? మొదటి గాయాన్ని గూర్చి సంఘాల్లో కొంతైనా మాట్లాడతాము. రెండోదాన్ని గూర్చి ఎవరూ మాట్లాడరు. మా కౌన్సెలింగ్ గదిలో చూసినంతవరకు, కాపురం తిరిగి నిలబడకపోవడానికి ఎక్కువసార్లు ఈ రెండోదే కారణం.

పెద్దల రాజీ

విషయం బయటపడిన పదో రోజున సంఘపెద్దలు కూర్చున్నారు. అతను ఒప్పుకుని ఏడ్చాడు. ఇద్దరి చేతులు కలిపి ప్రార్థన చేశారు. "అమ్మా, క్షమించావు కదా, ఇక ఆ మాట ఎత్తవద్దు" అని ఆమెకు చెప్పారు. ఆ ఆదివారం ఇద్దరూ కలిసి ప్రభువు బల్లలో పాలుపొందారు. ఆ పెద్దల ఉద్దేశం మంచిదే, కాపురం నిలవాలన్నదే వారి కోరిక. కాని ఆమె క్యాజువాలిటీకి రావడం మొదలైంది ఆ తరువాతి నెలనుండే.

పగలు నోరు మూసుకోమన్న మాట రాత్రి పదకొండు గంటలకు బయటికి వచ్చేది. "ఎప్పుడు మొదలైంది? ఎక్కడ? నాకంటే బాగుంటుందా?" తెల్లవారుజాము మూడు వరకు అవే ప్రశ్నలు. అతను, "క్షమించానన్నావుగా, మళ్ళీ మొదలెట్టావా?" అని అటు తిరిగి పడుకునేవాడు. ఆమె లేచి అతని సెల్ ఫోను వెదికేది. పిల్లలు దుప్పటి కింద మేలుకునే ఉండేవారు.

మోసం బయటపడిన మనిషికి దాదాపు ప్రమాదంనుండి బయటపడ్డవారికి వచ్చే లక్షణాలే వస్తాయి. పిలవకుండానే దృశ్యాలు కళ్ళముందుకు రావడం, ఏ చిన్న శబ్దానికైనా ఉలిక్కిపడడం, ఒక చీర రంగు చూసినా ఒక ఊరి పేరు విన్నా గుండె జారిపోవడం. ఇవి నెలలపాటు ఉంటాయి. ఒక్క ప్రార్థనతో ఆగకపోతే ఆమె క్షమించలేదని కాదు. క్షమించడం మనసు చేసే తీర్మానం. కుక్క మొరగడం శరీరం చేసే పని. తీర్మానం ఒక్క రోజులో చేయవచ్చు. శరీరం నేర్చుకోవడానికి రోజులు పడతాయి.

ఏలీయా సంగతి చూడండి. యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బదరీవృక్షము కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత అతనికి మొదట బోధ చేయలేదు. తట్టిలేపి కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. అతను తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ తట్టిలేపి తినమన్నాడు. మాట్లాడడం, ప్రశ్నించడం అంతా తరువాత హోరేబు దగ్గర జరిగింది. మేము కూడా ఆమెకు మొదట చూసింది నిద్ర, తిండి.

మొదటి నెల

నిద్ర కోసం ఆమె ఊళ్ళో మందులషాపులో కొని అల్ప్రజోలం వేసుకుంటోంది. చాలామంది చేస్తున్న పొరపాటిది. ఆ మాత్ర అరగంటలో నెమ్మది ఇస్తుంది. అందుకే మనిషిని పట్టేసుకుంటుంది. కొన్ని వారాలు రోజూ వాడితే డోసు పెంచాలనిపిస్తుంది, ఒక్కసారి మానితే దడ రెట్టింపవుతుంది. డాక్టరు కొద్దిరోజులకు రాస్తే కొద్దిరోజులే వాడాలి. ఇప్పటికే అలవాటైనవారు తమంతట తాము ఆపకండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

ఆమెకు ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఈ జాతి మందులు అలా పట్టుకునేవి కావు. కాని వెంటనే పనిచేయవు. రెండు నుండి నాలుగు వారాలకు గుణం కనబడడం మొదలై, ఆరు నుండి ఎనిమిది వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మొదటివారం కొంచెం వికారం, కొందరికి కంగారు పెరిగినట్టు ఉండవచ్చు. "మాత్ర పడలేదు" అని మానేసేది చాలామంది ఆ వారంలోనే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలనుండి ఏడాది వరకు వాడి, మెల్లగా తగ్గిస్తారు. మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా అని ఆమె అడిగింది. "మీ అత్తగారు షుగరు మాత్ర వేసుకుంటున్నారుగా అమ్మా" అన్నాము. చిన్నగా నవ్వింది.

ఊపిరి సాధన నేర్పాము. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చడం, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలడం. వదిలేది పొడవుగా ఉండాలి, కీలకం అదే. ఉదయం సాయంత్రం ఐదైదు నిమిషాలు, దడ లేనప్పుడే చేయాలి. ఈత ఒడ్డునే నేర్చుకోవాలన్నట్టు, దడ వచ్చినరోజే మొదలుపెడితే కుదరదు. సాయంత్రం నాలుగు తరువాత టీ మానమన్నాము. కుట్టుమిషను దగ్గర రోజుకు ఆరు టీలు తాగే మనిషికి ఇది చిన్న త్యాగం కాదు.

ఒక హెచ్చరిక. ఛాతీనొప్పి అంతా ఆందోళనే అనుకోకండి. నడిచినప్పుడు వచ్చే నొప్పి, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటతో వచ్చే బరువు ఉంటే 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి రావాలి. గుండె బాగుందని పరీక్షలో తేలాకే ఇది ఆందోళన అని అనుకోవాలి.

ఇంకొకటి, చెప్పడానికి అందరూ మొహమాటపడేది. భర్తకు బయట సంబంధం ఉందని తెలిశాక ఇద్దరికీ రక్తపరీక్ష అవసరం. హెచ్‌.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐ.సి.టి.సి. అనే గదుల్లో హెచ్‌.ఐ.వి. పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచుతారు. 2017 నాటి హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఆ రహస్యానికి రక్షణ ఇస్తుంది. సోకిన వెంటనే పరీక్షలో కనబడదు. పరీక్షరకాన్నిబట్టి ఆరు వారాలనుండి మూడు నెలల వరకు పట్టవచ్చు గనుక మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి. అంతవరకు కండోము వాడాలి. "ఆయన్ను అవమానించినట్టవుతుందేమో" అని ఆమె వెనకాడింది. అతను తానే ముందు చెయ్యి చాపి రక్తం ఇచ్చాడు. అతను చేసిన మొదటి మంచి పని అదే అని ఆమె తరువాత చెప్పింది.

రెండు గళ్ళ నోటుపుస్తకం

భార్యాభర్తలిద్దరూ కలిసి మా దగ్గరికి వచ్చింది రెండో నెలలో. అమెరికాలో డొనాల్డ్ బాకమ్, డగ్లస్ స్నైడర్, క్రిస్టినా గోర్డన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇలాంటి దంపతులకోసం మూడు దశల పద్ధతి తయారుచేశారు. మొదట దెబ్బను తట్టుకోవడం, తరువాత ఇది ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడం, ఆపైన ముందుకు ఎలా వెళ్ళాలో తీర్మానించుకోవడం. ముందుకు వెళ్ళడం అంటే కలిసే ఉండాలని వారు అనలేదు. మన పెద్దలు చేసినది మూడో దశతో మొదలుపెట్టడం.

మేము అడిగిన మొదటి సంగతి, ఆ సంబంధం నిజంగా ముగిసిందా అని. అది ముగియకుండా మిగిలినదేదీ పనిచేయదు. అతను ఆ సైటు వదిలి వేరే మేస్త్రి దగ్గర చేరాడు. కూలి రోజుకు వంద రూపాయలు తగ్గింది. ఆ ఇంటికి వంద రూపాయలంటే చిన్నమాట కాదు. ఆ స్త్రీకి ఆఖరి ఫోను భార్య వింటుండగా చేశాడు. చీటీ డబ్బు ఎంత పోయిందో కాగితంమీద రాసిచ్చాడు.

ప్రశ్నలకు ఒక వేళ పెట్టాము. అతను ఇంటికి వచ్చిన రోజుల్లో సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, అరుగుమీద అరగంట. పడకమీద వద్దు, పిల్లలముందు వద్దు. మిగతా సమయంలో ప్రశ్న వస్తే నోటుపుస్తకంలో రాసుకోవాలి. అరుగుమీద మాత్రం అతను దేనికీ "మళ్ళీ మొదలెట్టావా" అనకూడదు. ఎప్పటినుండి, ఎంతకాలం, డబ్బు, ఎవరెవరికి తెలుసు, ఇవన్నీ అడిగే హక్కు ఆమెకుంది. పడకగది వివరాలు మాత్రం అడగవద్దని బతిమాలాము. విన్న ప్రతి వివరం ఒక బొమ్మ అయి రాత్రులు కళ్ళముందు తిరుగుతుంది. ఆమె ఆ మాట వినలేదు, ఒకటి అడిగింది. అడిగినందుకు నెలరోజులు బాధపడింది.

నోటుపుస్తకంలో ప్రతి పేజీకి రెండు గళ్ళు. ఒకదానికి "చూసింది", రెండోదానికి "అనుకున్నది" అని పేరు. దడ మొదలవగానే రెండూ రాయాలి. ఆమె రాసిన ఒక పేజీ ఇలా ఉంది. చూసింది: రాత్రి ఏడుకు ఫోను చేస్తే ఎత్తలేదు, ఎనిమిదిన్నరకూ ఎత్తలేదు. అనుకున్నది: మళ్ళీ అక్కడికే వెళ్ళారు. మర్నాడు తెలిసింది, ఆరోజు స్లాబు వేశారు. స్లాబు మధ్యలో ఆపడానికి ఉండదు. తాపీపని తెలిసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు, ఆమెకూ తెలుసు. అయినా ఆ రాత్రి గుండెకు తెలియలేదు.

ఆ పేజీ అరుగుమీద చదివినప్పుడు అతను అన్నాడు, "స్లాబు ఉన్నరోజు పొద్దున్నే చెబుతాను." మా లెక్కలో ఆ మాట పది ప్రమాణాలకంటే విలువైనది. అడగకముందే చెప్పడం. రాత్రి ఆలస్యమవుతుందని, బస్సు మారానని, ఫోను ఛార్జింగు లేదని, దారిలో ఆ స్త్రీ తాలూకు మనిషి ఎదురుపడ్డాడని, ముందే చెప్పడం. ఆమె పట్టుకున్నాక చెప్పిన నిజానికీ, అతనంతట అతను చెప్పిన నిజానికీ చాలా తేడా ఉంది. మొదటిది కుక్కకు ఇంకా గట్టిగా మొరగమని నేర్పుతుంది. రెండోది, ఇంట్లో తనతోపాటు ఇంకొకరు కూడా కాపలా ఉన్నారని నేర్పుతుంది.

ఫోను వెదకడం సంగతి కొంచెం చిక్కైనది. ఆందోళన జబ్బుకు వైద్యంలో, పదేపదే పరీక్షించి చూసుకోవడం తగ్గించమని చెబుతాము. తాళం వేశామా అని ఐదుసార్లు చూసేవారికి చూసినకొద్దీ భయం పెరుగుతుంది. ఒక గంట నెమ్మది, మళ్ళీ అనుమానం. కాని ఆ వైద్యం లేని దొంగకు భయపడేవారికోసం. ఇక్కడ దొంగ నిజంగా వచ్చి వెళ్ళాడు. వచ్చిన నెలలోనే "చూడకమ్మా" అంటే పెద్దలు అన్నదానికీ మేము అన్నదానికీ తేడా ఏమిటి? అందుచేత మొదటి మూడు నెలలు ఫోను దాచకుండా బల్లమీద ఉంచమన్నాము, ఎప్పుడైనా చూడవచ్చు. ఆ తరువాత ఇద్దరూ ఒప్పుకుని రోజుకొకసారి, ఆపైన వారానికొకసారి. ఈ నెమ్మది మెట్లు ఎవరికి ఎంతకాలమో పుస్తకాల్లో ఉండదు, దంపతులనుబట్టి చూసుకోవాలి.

అతనిని గూర్చి కూడా ఒకమాట. తప్పు చేసినవాడు సిగ్గుతో "నేను పాపిని, నేను బతికేం లాభం" అని ఏడిస్తే అది పశ్చాత్తాపంలా కనబడుతుంది. కాని అప్పుడు జరిగేదేమిటంటే, గాయపడిన భార్యే లేచి అతన్ని ఓదార్చాలి. రెండుసార్లు అలా జరిగింది. మూడోసారి మేము అతన్ని విడిగా కూర్చోబెట్టి, "బాబూ, ఈ గదిలో ఏడువు, ఇక్కడ మేమున్నాం. అరుగుమీద మాత్రం ఆమె మాట విను" అన్నాము. నాతాను ఎదుట దావీదు పెద్ద ప్రసంగం చేయలేదు, పాపము చేశానని ఒప్పుకున్నాడు. క్షమాపణ దొరికింది. ఫలితాలు మాత్రం ఇంట్లో చాలాకాలం ఉన్నాయి. ఈ రెండూ ఒకే కథలో ఉన్నాయని మనం మరచిపోతుంటాము.

పిల్లలకు అంతా చెప్పనక్కరలేదు, అబద్ధమూ చెప్పకూడదు. పద్నాలుగేళ్ళ కూతురికి ముందే తెలుసు. "నాన్న వలన తప్పు జరిగింది, అమ్మానాన్నలం సరిచేసుకుంటున్నాం, నీ తప్పేమీ లేదు" అని ఇద్దరూ కూర్చుని చెప్పారు.

యోసేపు చేసిన పరీక్ష

క్షమించడమంటే నమ్మడమే అని అనుకునేవారు ఆదికాండము 42వ అధ్యాయంనుండి నిదానంగా చదవాలి. అమ్మేసిన అన్నలు ఎదుటికి వస్తే యోసేపు వారికి ధాన్యం ఇచ్చాడు, వారి రూకలు తిరిగి గోనెల్లో పెట్టించాడు. మేలు చేయడంలో ఆలస్యం చేయలేదు. కాని తానెవరో చెప్పలేదు. షిమ్యోనును ఉంచుకున్నాడు, బెన్యామీనును తెమ్మన్నాడు, గిన్నె గోనెలో పెట్టించాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్మినవారు ఈసారి ఇంకొక తమ్ముణ్ణి వదిలి వెళతారా అన్నది అతనికి తెలియాలి. యూదా ముందుకొచ్చి, బెన్యామీనుకు బదులు తాను దాసునిగా ఉంటానన్నప్పుడు యోసేపు ఇక ఆపుకోలేకపోయాడు. ఈలోగా అతను రెండుసార్లు చాటుగా ఏడ్చాడు.

మేలు ఉచితంగా ఇచ్చాడు, నమ్మకం మాత్రం చూసి ఇచ్చాడు. పరీక్షించినందుకు యోసేపు క్షమించలేదని ఎవరైనా అంటారా?

50వ అధ్యాయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరాలు బ్రతికాడు. అన్ని సంవత్సరాలు అన్నదమ్ములు ఒక్కచోట తిన్నారు. తండ్రి చనిపోగానే అన్నలకు పాతభయం తిరిగివచ్చింది, ఇప్పుడు పగతీర్చుకుంటాడేమో అని కబురు పంపారు. యోసేపు మళ్ళీ ఏడ్చాడు. పదిహేడేళ్ళ తరువాత కూడా ఒక చావు, ఒక పెళ్ళి, ఒక పాత పాట చాలు. మన సహోదరికి ఏడాదిన్నరకే అంతా మరచిపోవాలని చెప్పేవారు ఈ వచనాలు చదివితే బాగుంటుంది.

ఆమె మాత్రలు పద్నాలుగు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ మానింది. క్యాజువాలిటీకి రావడం నాలుగో నెలలోనే ఆగిపోయింది. అతను హైదరాబాదు వదిలి రాజమండ్రి చుట్టుపక్కలే పని చూసుకున్నాడు, రాత్రికి ఇంటికి వస్తాడు. స్లాబు రోజుల్లో ఆమెకు ఇప్పటికీ సాయంత్రం ఏడు దాటితే చేతులు చల్లబడతాయి. కుట్టుమిషను ఆపి, నాలుగు పీల్చి ఆరు వదులుతుంది. క్రిందటిసారి వచ్చినప్పుడు ఒకమాట చెప్పింది: "ఇప్పుడు దడ వస్తే ఆయనే అడుగుతారండి, ఈరోజు ఏం చూశావు అని. జబ్బు అనరు."

ఈ పాఠము ఎవరికి కాదు

భర్త కొడుతున్నా, సంబంధం మానకుండా భార్యనే సర్దుకోమంటున్నా, పైన చెప్పిన నోటుపుస్తకం, అరుగుమీది అరగంట ఆమెను ఇంకా ప్రమాదంలో పెడతాయి. అలాంటప్పుడు ముందు కావలసింది రక్షణ. 181కి ఫోను చేయవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం ఉంది. కలిసి ఉండలేనని నిర్ణయించుకున్న సహోదరిని సంఘము వెలివేసినట్టు చూడకూడదని మా అభిప్రాయము. మత్తయి 19వ అధ్యాయంలో ప్రభువు ఈ కారణాన్ని విడిగా ఎంచారు. చట్టం సంగతి చెప్పాలంటే, 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పు తరువాత వ్యభిచారం నేరం కాదు, కాని విడాకులకు కారణమే. 1869 నాటి చట్టం ప్రకారం క్రైస్తవ స్త్రీకి భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు, క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా చూపించవలసి వచ్చేది. 2001 సవరణతో ఆ తేడా పోయింది.

భార్య తప్పిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ భర్తలు గుండెదడ అని రారు, కడుపుమంట అని వస్తారు, లేదా సారా వాసనతో వస్తారు. వారికి చెప్పుకునే చోటు ఇంకా తక్కువ. పైన చెప్పినదంతా వారికీ వర్తిస్తుంది.

విషయం బయటపడిన మొదటి వారాల్లో, చచ్చిపోవాలన్న మాట ఇద్దరిలో ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆరోజే బయటికి తరలించి వేరేవారి దగ్గర తాళం వేయించండి. మనిషిని ఒంటరిగా వదలకండి. 14416 టెలిమానస్ నంబరు. 2022 అక్టోబరునుండి పనిచేస్తోంది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

దంపతుల కూడికలో చర్చకు

1. "ఇక ఆ మాట ఎత్తవద్దు" అని మన సంఘంలో ఎప్పుడైనా ఎవరికైనా చెప్పామా? ఆ తరువాత వారిని కలిసి ఎలా ఉన్నారని అడిగామా?

2. ఆదికాండము 42 నుండి 45 వరకు చదివి, యోసేపు వెంటనే ఇచ్చినవి ఏవి, ఆగి ఇచ్చినవి ఏవి, రెండు గళ్ళుగా రాయండి.

3. మన ఇంట్లో "కంగారు మనిషి" అని పేరుపడ్డవారు ఎవరు? క్రిందటిసారి వారు భయపడినప్పుడు, భయానికి కారణం ఉందో లేదో చూసి మాట్లాడామా, చూడకుండానే నోరు మూయించామా?

4. భర్తలు భార్యలకు, భార్యలు భర్తలకు: ఈ వారంలో మీరు అడగకముందే చెప్పవలసిన సంగతి ఏదైనా ఉందా?